సాహిత్య కృతిగా సాఫ్ట్‌వేర్: భారత కాపీరైట్ చట్టంలో యాజమాన్యం, ప్రతి, అనుమతి

కావ్యం, నవల, నిఘంటువుల సరసన కంప్యూటర్ ప్రోగ్రామును కూడా ‘సాహిత్య కృతి’గా లెక్కించే చట్టం మనది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1984లో వచ్చిన సవరణ ప్రోగ్రాములను ఆ నిర్వచనంలో చేర్చింది. 1994 సవరణ ప్రోగ్రాముకు విడిగా నిర్వచనమిచ్చింది. సాహిత్య విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చుగాని, దీని ఫలితాలు భాషా పరిశోధకులకు కూడా వర్తిస్తాయి. పదసూచికను తయారుచేసే చిన్న ప్రోగ్రాము మొదలుకొని అక్షరదోషాలను పట్టే ఉపకరణం వరకు నేడు భాషాశాఖలలోనూ సాఫ్ట్‌వేర్ రూపొందుతున్నది. దానికి యజమాని ఎవరు, దానిని ఎవరు ఎవరికి ఇవ్వవచ్చు అనే ప్రశ్నలు మాత్రం తరచుగా పని ముగిసిన తరువాతనే తలెత్తుతున్నాయి.

సాహిత్య కృతి అయినందున ప్రోగ్రాముకు లభించే రక్షణ వ్యక్తీకరణకే గాని భావనకు కాదు. సంధిని విడదీసే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. ఆ పద్ధతిని అమలుపరుస్తూ ఒకరు రాసిన కోడ్ మాత్రం వారి సొత్తు. రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం 60 సంవత్సరాల వరకు ఆ హక్కు నిలుస్తుంది. పదేళ్లు వాడుకలో ఉంటేనే గొప్ప అనుకునే ప్రోగ్రాముకు ఇంత దీర్ఘకాలపు రక్షణ ఎందుకో శాసనకర్తలే చెప్పాలి. ఇక పేటెంటు విషయానికి వస్తే, పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) కేవలం ప్రోగ్రాము అయినదానిని ఆవిష్కరణగా అంగీకరించదు.

సరుకా, హక్కా?

డబ్బు చెల్లించి సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నవారు నిజానికి ఏమి కొన్నట్లు? ఈ ప్రశ్నపై దేశానికి మార్గదర్శకమైన తీర్పు ఆంధ్రప్రదేశ్ వివాదం నుంచే వచ్చింది. సిద్ధంగా తయారైన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల అమ్మకాలు 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కిందికి వస్తాయని రాష్ట్రం వాదించగా, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ దానిని సవాలు చేసింది. ప్రోగ్రాము స్పర్శకందని మేధో సంపద, సీడీ దానిని మోసే వాహకం మాత్రమేనన్నది కంపెనీ వాదన. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తిరస్కరించింది. పుస్తకాన్ని కొనే పాఠకుడు కాగితానికో సిరాకో వెల చెల్లించడు, అయినా పుస్తకం సరుకే. అదే విధంగా డిస్కులో నిక్షిప్తమై, కొనడానికి, అమ్మడానికి, భద్రపరచడానికి వీలైన ప్రోగ్రాము కూడా సరుకేనని తేల్చింది. ఒక వినియోగదారు అవసరానికి ప్రత్యేకంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్ సంగతిని మాత్రం ఆ తీర్పు తేల్చకుండా విడిచిపెట్టింది.

ప్రతి సరుకైతే, దానితో పాటు కాపీరైట్ కూడా చేతులు మారుతుందా? మారదని 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టపరచింది. విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి అమ్మే భారతీయ పంపిణీదారులు చెల్లించే సొమ్ము కాపీరైట్‌కు రాయల్టీ అని, దాని నుంచి పన్ను మినహాయించి కట్టాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. ఇక్కడా న్యాయస్థానం పుస్తకాన్నే ఉదాహరణగా తీసుకున్నది. ఒక ఆంగ్ల ప్రచురణకర్త నుంచి 2000 ప్రతులు తెచ్చి లాభానికి అమ్మే పంపిణీదారుకు ఆ గ్రంథంపై కాపీరైట్ ఏమీ సంక్రమించదు. పునర్ముద్రించే హక్కు పొందిన ప్రచురణకర్త విషయం వేరు. ప్రతిపై హక్కు, కృతిపై హక్కు వేర్వేరన్న ఈ విభజనే ఈ రంగంలోని చిక్కుముడులు అన్నింటికీ కీలకం.

అయితే పుస్తకంతో పోలిక ఒకచోట ఆగిపోతుంది. దొంగ ముద్రణలో వచ్చిన నవలను చదివిన పాఠకుణ్ణి శిక్షించే సెక్షన్ ఈ చట్టంలో లేదు. అక్రమ ప్రతి అని తెలిసి కూడా ప్రోగ్రామును కంప్యూటరులో వాడితే మాత్రం 1994లో చేరిన సెక్షన్ 63బి ప్రకారం అది నేరం: ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభాపేక్ష లేదని రుజువైతే న్యాయస్థానం జైలు శిక్షను మినహాయించి, 50,000 రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. కళాశాల ప్రయోగశాలలలో ‘క్రాక్’ చేసిన ప్రతులు ఉంటే, ‘అది విద్యార్థుల కోసమే కదా’ అన్న సమర్థన శిక్షను తగ్గించవచ్చునేమోగాని నేరాన్ని తుడిచివేయదు. మరోవైపు సెక్షన్ 52 సక్రమంగా పొందిన ప్రతిపై కొంత స్వేచ్ఛనిచ్చింది. నష్టపోకుండా అదనపు ప్రతి చేసుకోవచ్చు. ప్రోగ్రాము వెనుక ఉన్న భావనలను, సూత్రాలను గ్రహించడానికి దాని పనితీరును పరిశీలించవచ్చు, పరీక్షించవచ్చు. పరిశోధకులు ఈ వెసులుబాటును తగినంతగా వినియోగించుకోవడం లేదనే నా అభిప్రాయం.

పరిశోధకుని కోడ్ ఎవరిది?

సెక్షన్ 17 ప్రకారం రచయితే మొదటి హక్కుదారు. ఉద్యోగ ఒప్పందం కింద, ఉద్యోగ విధిలో భాగంగా రాసినదానికి మాత్రం, భిన్నమైన ఒడంబడిక లేనప్పుడు, యజమాని సంస్థే హక్కుదారు అవుతుంది. ఫెలోషిప్ పొందే పరిశోధక విద్యార్థి సాధారణంగా ఉద్యోగి కాడు. కాబట్టి విశ్వవిద్యాలయ నిబంధనలో, ప్రాజెక్టు ఒప్పందమో వేరుగా చెప్పకపోతే అతని కోడ్ అతనిదే. బయటి ప్రోగ్రామరుకు డబ్బిచ్చి రాయించుకున్న సందర్భంలో చిక్కు మరింత పెద్దది. సొమ్ము చెల్లించినంత మాత్రాన హక్కు రాదు. సెక్షన్ 19 కోరినట్లు సంతకంతో కూడిన లిఖితపూర్వకమైన బదలాయింపు ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అని చట్టం భావిస్తుంది. కొనుగోలు రసీదును హక్కుపత్రంగా భ్రమించిన శాఖ, ఆరో ఏట ఆ ఉపకరణాన్ని సవరించాలనుకున్నప్పుడు ఎవరి అనుమతి కోరాలో తెలియని స్థితిలో పడుతుంది.

పంపిణీ విషయంలో అపోహ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంటుంది. కోడ్‌ను ఇంటర్నెట్‌లో ఉంచితే అది అందరిదీ అయినట్లేనని పలువురి నమ్మకం. లైసెన్స్ లేని కోడ్ కంటికి కనిపిస్తుంది, అంతే. దానిని మార్చి పంచే హక్కు మరెవరికీ ఉండదు. జీపీఎల్ వంటి స్వేచ్ఛా లైసెన్సులు కాపీరైట్‌ను వదులుకోవు. ఆ హక్కు ఆధారంగానే అనుమతినిస్తాయి, మార్చి పంచేవారు తమ మార్పులనూ అదే షరతుతో ఇవ్వాలని కోరుతాయి. పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద లభించడం వల్లనే లినక్స్ పంపిణీలలో చోటు సంపాదించాయి.

సిద్ధాంతగ్రంథం శోధగంగలో చేరి పదిమందికీ అందుబాటులోకి వస్తుంది. దాని గణాంకాలకు ఆధారమైన ప్రోగ్రాము చాలాసార్లు పరిశోధకుని సొంత కంప్యూటరులోనే మిగిలిపోతుంది. దానిని వెలుపలికి తేవడానికి పెద్ద తతంగమేమీ అక్కరలేదు. లైసెన్స్ లిఖితపూర్వకంగా ఉండాలని సెక్షన్ 30 కోరుతుంది. అక్కడ సంతకం తప్పనిసరి అన్న షరతును 2012 సవరణ తొలగించింది. కోడ్‌తో పాటు ఒక పుట లైసెన్స్ పాఠం, రచయిత పేరు, సంవత్సరం జతపరిస్తే చాలు. ఉద్యోగంలో ఉన్న అధ్యాపకులు మాత్రం దానికి ముందు సంస్థ లిఖితపూర్వక అంగీకారాన్ని తీసుకోవాలి.