బిల్డ్‌లో తప్పిపోయిన రిసోర్స్ ఫైళ్లు

మీరు జావాలో ఒక చిన్న క్విజ్ ప్రోగ్రాం రాశారనుకోండి. ప్రశ్నలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో ఉన్నాయి. ఎక్లిప్స్‌లో మామూలు జావా ప్రాజెక్టుగా నడిపినప్పుడు చక్కగా నడిచింది. తరువాత దానిని మావెన్ ప్రాజెక్టుగా మార్చి, జార్ ఫైలు తయారుచేసి, ప్రాక్టికల్ పరీక్ష రోజున ల్యాబ్‌లోని కంప్యూటరుపై నడిపారు. 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్' అంటూ ఆగిపోయింది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. మరి ఏమైంది?

జావా కంపైలరు చేసే పని ఒక్కటే: సోర్స్ ఫైళ్లను క్లాస్ ఫైళ్లుగా మార్చడం. బొమ్మలు, టెక్స్ట్, ప్రాపర్టీస్ వంటి రిసోర్స్ ఫైళ్ల జోలికి అది పోదు. వాటిని కాపీ చేసి క్లాసుల పక్కన పెట్టే బాధ్యత బిల్డ్ సాధనానిది. ఎక్లిప్స్ అయితే సోర్స్ ఫోల్డరులో ఉన్న ఇతర ఫైళ్లను కూడా తానే కాపీ చేస్తుంది. మావెన్ అలా చేయదు. 2005లో విడుదలైన మావెన్ 2 నుండి సోర్స్ ఫైళ్లకు 'జావా', మిగిలినవాటికి 'రిసోర్సెస్' అని వేర్వేరు ఫోల్డర్లు ఉన్నాయి. 'జావా' ఫోల్డరులో పెట్టిన టెక్స్ట్ ఫైలు జార్‌లోకి చేరదు.

కాబట్టి కోడ్‌ను దిద్దే ముందు జార్‌ను చూడండి. జార్ అంటే నిజానికి జిప్ ఫైలే. 'జార్ టిఎఫ్' అనే ఆదేశం ఇస్తే లోపలి పేర్లన్నీ కనిపిస్తాయి. మీ ఫైలు అక్కడ లేకపోతే ఫోల్డరు సంగతి చూడాలి. ఫోల్డరు పేరులో ఒక అక్షరం పోయినా మావెన్ దానిని తప్పుగా చూపదు. అలాంటి ఫోల్డరు లేదు, వదిలేస్తున్నాను అని ఒక మామూలు సమాచార వాక్యం రాసి, చివర 'బిల్డ్ సక్సెస్' అంటుంది. ఆ వాక్యాన్ని చదివేవారు తక్కువ!

ఫైలు జార్‌లో ఉండి కూడా దొరకకపోతే లోపం పేరులో ఉంటుంది. విండోస్ డిస్కుపై పెద్ద అక్షరం, చిన్న అక్షరం సాధారణంగా ఒకటే. జార్ లోపల వేర్వేరు. 'క్లాస్' ద్వారా వెతికేటప్పుడు పేరు ముందు ఏటవాలు గీత పెడితే వెతుకులాట జార్ మొదటి నుండి సాగుతుంది, పెట్టకపోతే ఆ క్లాస్ ఉన్న ప్యాకేజీలో మాత్రమే. 'క్లాస్‌లోడర్' ద్వారా వెతికితే ఆ గీత ఉండనే కూడదు. ఇక 'ఫైల్' అనే క్లాస్‌తో తెరవబోతే అది డిస్కునే వెతుకుతుంది. జార్ లోపలికి చూడదు.

ఇక్కడ విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టేది మరొకటి. 'గెట్ రిసోర్స్ యాజ్ స్ట్రీమ్' ఫైలు దొరకకపోతే ఏ ఎక్సెప్షనూ ఇవ్వదు, మౌనంగా 'నల్' తిరిగి ఇస్తుంది. ప్రోగ్రాం ఆగేది ఆ తరువాతి వరుసలో. వెంటనే 'నల్' అవునో కాదో పరీక్షించి, వెతికిన పేరును తెరపై ముద్రించండి.

ఫైలు ఉండి, పేరు సరిపోయి, ఫాంట్ మాత్రం తెరుచుకోకపోతే మావెన్‌లో 'ఫిల్టరింగ్' పెట్టారేమో చూడండి. అది ఫాంట్ ఫైలును కూడా టెక్స్ట్‌లా చదివి పాడుచేస్తుంది. ఫాంట్ల ఎక్స్‌టెన్షన్‌ను ఫిల్టర్ చేయకూడని వాటి జాబితాలో చేర్చి, 'క్లీన్' ఇచ్చి మళ్లీ బిల్డ్ చేయాలి.