ఉత్తర తెలంగాణలో పుస్తక సిఫారసు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పఠన సంస్కృతి - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక పాఠకుడు తాను చదువుతున్న పుస్తకాన్ని గురించి మరొకరికి చెప్పడం, చదవమని చేతికివ్వడం సాహిత్య చరిత్రలో దాదాపు నమోదు కాని వ్యవహారం. గ్రంథకర్తలకు చరిత్ర ఉంది. ప్రచురణకర్తలకు, పత్రికలకు ఉంది. గ్రంథాలయాలకూ కొంత ఉంది. ఒక పుస్తకం ఒక చేతి నుండి మరొక చేతికి ఎవరి మాట మీద మారిందన్న సంగతి మాత్రం ఆత్మకథల్లోని ఒకటి రెండు వాక్యాల్లోనో, అట్ట లోపలి పక్క చెరగిపోతున్న సంతకాల్లోనో మిగులుతుంది. అయినప్పటికీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆధునిక తెలుగు సాహిత్యం వేళ్లూనిన తీరును వివరించాలంటే ఈ వ్యవహారాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు. పుస్తకాల అంగళ్లు, తెలుగు బడులు రాకముందే అక్కడ పాఠకులు తయారయ్యారు. వారిని తయారు చేసింది ప్రధానంగా సాటి పాఠకుల మాటే. 2016లో ఈ రెండు జిల్లాలు పలు కొత్త జిల్లాలుగా విడిపోయాయి. ఈ వ్యాసంలో వాటి పాత హద్దులనే ప్రాతిపదికగా తీసుకోవడం జరిగింది.

‘సిఫారసు’ అన్న మాట

సిఫారసు పారశీకం నుండి ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడిన పదం. వాడుకలో దీనికి కొంత చెడ్డపేరు కూడా ఉంది. ఉద్యోగానికో బదిలీకో పెద్దమనిషి పలుకుబడిని వాడుకోవడం అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. పుస్తకాల విషయంలో సామాన్య పాఠకులు ఈ మాటను సాధారణంగా వాడరు. “ఇది సదివినవా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే సూచన ఇమిడి ఉంటుంది. ‘లేదు’ అన్న జవాబు వస్తే పుస్తకం చేతికి వస్తుంది, దానితోపాటు తిరిగి ఇవ్వవలసిన బాధ్యతా వస్తుంది.

సమీక్షకు, ఈ సూచనకు మౌలికమైన భేదం ఉంది. సమీక్షకుడు తనకు పరిచయం లేని పాఠకసమూహాన్ని ఉద్దేశించి పుస్తకపు గుణదోషాలు చెబుతాడు. చేతికిచ్చేవాడు పుస్తకం ఎంత గొప్పదని కాక, ఎదుటి మనిషికి అది ఇప్పుడు పనికివస్తుందా అని ఆలోచిస్తాడు. గొప్ప పుస్తకమే అయినా తగని వేళ ఇస్తే అది చదవకుండానే తిరిగి వస్తుంది. ఇచ్చినవాని మాట మీద నమ్మకమూ కొంత తగ్గుతుంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాల్లో ‘ప్రతి పాఠకునికీ తన పుస్తకం’, ‘ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు’ అన్నవి రెండు. గ్రంథాలయాలు సూచికలతో, వర్గీకరణతో సాధించదలచిన ఈ జోడింపును ఊళ్లలో మనుషులు పరిచయంతో సాధించారు.

నిజాం కాలం: పుస్తకం మోసుకొచ్చినవారు

నిజాం రాజ్యంలో పాలనాభాష, విద్యామాధ్యమం ఉర్దూ. తెలుగు ఇంటి భాషగా, భజనల భాషగా, శతకాల భాషగా ఉండేది. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం వంటివి అచ్చు పుస్తకంగా కంటే కంఠస్థంగానే ఎక్కువ మందికి చేరాయి. ఆధునిక తెలుగు రచనలతో పరిచయానికి బడి తోడ్పడేది కాదు కనుక ఆ బాధ్యత గ్రంథాలయోద్యమం మీద పడింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. కరీంనగర్ వైపు పాఠకులకు హనుమకొండ దగ్గరి కేంద్రం. సభలు జరపాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిశాన్ 53 అమలులో ఉన్న కాలంలో నలుగురు కూడి మాట్లాడుకోవడానికి పఠనమందిరం ఒక సాకు. నాలుగవ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగింది. అటువంటి సభలకు ఊళ్లనుండి వచ్చినవారు ప్రసంగాలతోపాటు పత్రికల పేర్లు, పుస్తకాల పేర్లు కూడా వెంట తీసుకుపోయేవారని భావించవచ్చు.

ఈ దశలో ప్రత్యేకంగా పేర్కొనదగినవారు వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన నల్లగొండ జిల్లావాడు. 1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ప్రచురణకర్త, విక్రేత, సిఫారసు చేసేవాడు ఒకే మనిషి కావడం ఇక్కడి విశేషం. అంగట్లో పుస్తకం కొనేవానికి అట్ట మాత్రమే కనిపిస్తుంది. ఆళ్వారుస్వామి దగ్గర కొన్నవానికి ఆ పుస్తకం ఎందుకు చదవాలో చెప్పే గొంతు కూడా దొరికింది. అదే కాలంలో కె.సి. గుప్త నిర్వహించిన అణా గ్రంథమాల ధరను పేరులోనే చెప్పి, కొనలేమన్న సంకోచాన్ని తొలగించే ప్రయత్నం చేసింది.

సి. నారాయణరెడ్డి పఠనజీవితం ఈ పరిస్థితికి మంచి ఉదాహరణ. 1931లో ప్రస్తుత రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో పుట్టిన ఆయన ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. చిన్ననాడు ఆయనను ఆకర్షించినవి హరికథలు, జంగం కథలు, జానపద గీతాలు. ఆధునిక తెలుగు సాహిత్యంతో విస్తృత పరిచయం హైదరాబాదులో విద్యార్థిగా శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో కలిగింది. తరువాతి కాలంలో ఆయన సిద్ధాంతగ్రంథం ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ ఎన్నో తరాల విద్యార్థులకు ఏ కవిని చదవాలో చెప్పే జాబితాగా ఉపయోగపడింది. పరిశోధనగ్రంథంగా దానికున్న విలువ ఎంతో, చదువవలసినవాటి పట్టికగా అది చేసిన పని అంతకు తక్కువ కాదు.

అనువాదం: శ్రమతో కూడిన సిఫారసు

తాను చదివిన పుస్తకాన్ని మరొకరు చదవాలన్న కోరిక బలంగా ఉండి, ఎదుటివానికి ఆ భాష రాకపోతే మిగిలే మార్గం అనువాదమే. ఈ కోణంలో చూస్తే కరీంనగర్ ప్రాంతం నుండి ఇద్దరి కృషి గమనార్హం. వంగరకు చెందిన పి.వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయి పడగలు’ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగు పాఠకులకు అందించారు. అంటే ఒక పుస్తకాన్ని బయటివారికి చూపారు, మరొకదాన్ని లోపలివారికి తెచ్చారు. విశ్వనాథ 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి కొంతకాలం అక్కడ పనిచేశారన్నది ఈ ప్రాంతంతో ఆయనకున్న మరొక సంబంధం. రెండవవారు నలిమెల భాస్కర్. అనేక భారతీయ భాషలు నేర్చుకున్న ఆయన పునత్తిల్ కుంజబ్దుల్లా మలయాళ నవలను ‘స్మారకశిలలు’గా అనువదించి కేంద్ర సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం అందుకున్నారు. వందల పుటలను వాక్యం వెంట వాక్యంగా తిరగరాయడం కంటే గట్టిగా “ఇది చదవండి” అని చెప్పే పద్ధతి మరొకటి ఉండదు.

ఇవ్వడం ప్రమాదమైన కాలం

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర తరువాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు ప్రాంతాల్లోనూ ఉద్యమాలు పెరిగిన కాలమది. ఇంట్లో దొరికిన పుస్తకమే అనుమానానికి ఆధారమైన ఆ వాతావరణంలో పుస్తకం ఇవ్వడానికి, తీసుకోవడానికి మధ్య నమ్మకం అన్న మాటకు బరువు పెరిగింది. ఎవరికి ఇస్తున్నామన్నది ఏమి ఇస్తున్నామన్నదానికంటే ముఖ్యమైంది. హనుమకొండ నుండి వెలువడిన ‘సృజన’ వంటి పత్రికల ప్రభావాన్ని అమ్ముడైన ప్రతుల సంఖ్యతో కొలవడం అందుకే సరికాదు. చేతులు మారిన ప్రతికి లెక్క ఉండదు.

మంథని ప్రాంతం నుండి వచ్చిన అల్లం రాజయ్య కథలు, నవలలు, గనికార్మిక జీవితాన్ని లోపలినుండి రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు ఇలా చేతులు మారిన సాహిత్యంలోనివే. పాఠకుడు తన ఊరి మాటను, తన బావి చీకటిని అచ్చులో చూసుకున్నప్పుడు మరొకరికి చెప్పకుండా ఉండలేడు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వచ్చింది. 1940లో జోడేఘాట్ వద్ద చనిపోయిన గోండు నాయకుని పేరును ఆదిలాబాద్ అడవుల వెలుపలి తెలుగు పాఠకులకు చేర్చడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. కవి అలిశెట్టి ప్రభాకర్ (1954-1993) దారి వేరు. జగిత్యాలకు చెందిన ఈ చిత్రకారుడు, ఫొటోగ్రాఫరు కవితను బొమ్మతో జతచేసి నలుగురి కళ్లబడేలా ప్రదర్శించాడు. పుస్తకం ఇచ్చిపుచ్చుకునే పరిచయం లేని దారిన పోయేవానికి కూడా చదవమని చెప్పిన పద్ధతి అది.

శాఖా గ్రంథాలయం, అద్దె పుస్తకాల దుకాణం

1955 నాటి హైదరాబాదు పౌరగ్రంథాలయాల చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం జిల్లా గ్రంథాలయ సంస్థలకు రూపమిచ్చాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వాటి ప్రధాన ఆదాయం. స్థానిక సంస్థలు ఈ మొత్తాన్ని సకాలంలో జమచేయకపోవడం చాలాకాలంగా వినవచ్చే ఫిర్యాదే. శాఖా గ్రంథాలయంలో సిఫారసు మౌనంగా జరుగుతుంది. పుస్తకం చివర అతికించిన గడువు తేదీల చీటీ మీద ముద్రలు దట్టంగా ఉంటే పది మంది చదివారని అర్థం. ఒక్క ముద్రా లేని పుస్తకాన్ని తీసుకోవడానికి సాహసం కావాలి. తాళం వేసిన బీరువాల పద్ధతి ఉన్నచోట ఈ అవకాశమూ పోతుంది. అప్పుడు పాఠకుడు గ్రంథపాలకుని ఇష్టాయిష్టాల మీద ఆధారపడతాడు. ఇటీవలి దశాబ్దాల్లో పఠనమందిరాలను ఎక్కువగా నింపుతున్నది పోటీపరీక్షల అభ్యర్థులు. ఏ సబ్జెక్టుకు ఎవరి పుస్తకం మేలన్న చర్చ అక్కడ నిత్యం నడుస్తుంది. దీన్ని సాహిత్యపఠనం కాదని తోసిపుచ్చడం తొందరపాటు. చదివినవాడు చదవబోయేవానికి చెప్పే ప్రక్రియ రెండింటా ఒకటే.

గ్రంథాలయ మెట్లు ఎక్కే అవకాశం తక్కువగా ఉన్న గృహిణులకు 1970, 80 దశకాల్లో అద్దె పుస్తకాల దుకాణాలు ఆ లోటు తీర్చాయి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, యండమూరి వీరేంద్రనాథ్ నవలలు రోజుకింత అద్దెతో ఇల్లిల్లూ తిరిగాయి. వారపత్రికల్లోని సీరియల్ పుటలను చించి, దారంతో కుట్టి, అట్టవేసి పక్కింటివారికి ఇవ్వడం అప్పటి మధ్యతరగతి ఇళ్లలో మామూలు. ఆ కుట్టిన పుస్తకాలకు ప్రచురణకర్త లేడు. వాటి సంకలనకర్త పాఠకురాలే. విమర్శకులు ఈ నవలలను తేలికగా చూసినా, ఒక పుస్తకాన్ని కాపాడి పంచుకోవాలన్న పట్టుదల ఇంతకంటే స్పష్టంగా కనిపించే చోటు అరుదు. కరీంనగర్‌లో పున్నమి రాత్రులు మేడల మీద కవులు కూడి కవితలు చదువుకునే ‘ఎన్నీల ముచ్చట్లు’ ఈ పంచుకోలుకు ఇటీవలి రూపం.

గుంజాల: పుస్తకం ఉండి పాఠకుడు లేనిచోట

ఆదిలాబాద్ గోండు గూడేల్లో కథను వినిపించే బాధ్యత వంశపారంపర్యంగా ప్రధానులది. ఏ ప్రధాను కుటుంబం ఏ గోండు కుటుంబాలకు ఏ కథ వినిపించాలన్నది వంశసంబంధాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. అక్కడ సిఫారసు వ్యక్తి అభిరుచికి కాక పుట్టుకకు సంబంధించినది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సూచనలతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణకేంద్రం మొదలైనప్పుడు గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేశారు.

గోండీకి సొంత లిపి అదే జిల్లాలో ఉన్న సంగతి చాలాకాలం తరువాత బయటి లోకానికి తెలిసింది. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండీ రాతప్రతులు ఉన్నాయని ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం ఈ శతాబ్ది మొదటి దశకంలో గుర్తించింది. రోజుల, నెలల పేర్లు, అంకెలు, పండుగలు, చంద్రపూర్ గోండు రాజుల ప్రస్తావన, రాంజీ గోండు తిరుగుబాటు వాటిలోని విషయాల్లో కొన్ని. ప్రతులు ఇళ్లలో భద్రంగానే ఉన్నాయి. వాటిని చదవగలిగినవారు మాత్రం కొద్దిమంది పెద్దలే మిగిలారు. పుస్తకం నశించకుండానే పఠనం నశించే స్థితి ఇది. తండ్రి కొడుక్కి, పొరుగువాడు పొరుగువానికి “ఇది చదువు” అని అందించే గొలుసు తెగితే భద్రపరచిన ప్రతి కూడా మూగదవుతుంది.

ఆ తరువాత లిపికి అచ్చు రూపం వచ్చింది. వాచకాలు తయారై ఆ ప్రాంతపు బడిపిల్లలకు అక్షరాలు నేర్పే ప్రయత్నాలు సాగాయి. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండీ చేరింది. గోండీ పిల్లలకు బడిలో ఎక్కువగా ఎదురయ్యేది తెలుగు అక్షరమే కనుక ఈ లిపిలో చదివే అలవాటు ఇంటివద్దే నిలవాలి. అందుకు ఆ లిపిలో కొత్త రచనలు రావాలి, పాతప్రతుల విషయం చదవదగిన పాఠంగా అచ్చు కావాలి. ఆ పెద్దలు ఇంకా ఉన్న కాలంలోనే వారి పక్కన కూర్చుని చదివే పిల్లలు కావాలి.