ఇంట్లో చూసిన మాయాబజార్

పిల్లలూ! 1980 తరువాత మన ఊళ్ళలో వీడియో కేసెట్లు అద్దెకు తెచ్చి ఇంట్లో సినిమా చూడడం మొదలయింది. హాలులో బొమ్మ మనకోసం ఆగదు. ఇంట్లో అయితే మీట నొక్కి ఆపి, మళ్ళీ చూడవచ్చును.

1957లో కె. వి. రెడ్డిగారు తీసిన "మాయాబజార్" నేను అలాగే చూశాను. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోయే చోట ఎన్నిసార్లు ఆపానో!

2010లో ఈ చిత్రాన్ని రంగుల్లోకి మార్చారు. నాకు మాత్రం నలుపు-తెలుపుదే ఇష్టం. పడవ షికారులో మార్కస్ బార్ట్లేగారి కెమెరా చూపిన వెన్నెల అందులోనే చల్లగా ఉంటుంది.

మీకు రంగులదే నచ్చిందా? తప్పేమీ లేదు. అయితే "బాగుంది" అని ఊరుకోకండి. ఆ చోటు మళ్ళీ చూసి, ఎందుకు బాగుందో చెప్పండి. కారణం చెప్పగలిగితేనే అది మీ సొంత అభిప్రాయం. లేకపోతే పక్కవాడి మాటే!