గంటగంటకూ లెక్క: కాలిన గాయాల వార్డులో నర్సు పని

2018 అక్టోబర్ 9న ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైను పేలింది. తొమ్మిది మంది ఆ రోజే చనిపోయారు. గాయపడ్డవాళ్లను సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి తరలించారు. వారిలో మరికొందరు తర్వాతి రోజుల్లో పోయారు.

భిలాయి సెక్టర్ 4 క్వార్టర్లలో ప్లాంటుతో సంబంధం లేని ఇల్లు అరుదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ తక్కువేం కాదు. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడల్లా వాళ్లకు ఒకటే సందేహం. మంట ఆరిపోయింది, మనిషి ఆసుపత్రికి చేరాడు, మాట్లాడుతున్నాడు కూడా. మరి మూడో రోజునో పదో రోజునో ఎందుకు పోతాడు?

చర్మం ఒంట్లోని నీటిని బయటికి పోనివ్వదు, సూక్ష్మక్రిములను లోపలికి రానివ్వదు. పెద్దగా కాలినప్పుడు ఈ రెండు కాపలాలూ పోతాయి. అంతకంటే పెద్ద చిక్కు లోపల ఉంది. కేశనాళికలు (అతి సన్నని రక్తనాళాలు) కారడం మొదలవుతుంది. రక్తంలోని నీరు కండలోకి జారిపోతుంది. మనిషి ఉబ్బుతాడు, రక్తనాళాల్లో మాత్రం నీరు తగ్గిపోతుంది. రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలి 24 గంటల్లో ముప్పు ప్రధానంగా ఇదే.

అందుకే సెలైన్. ఎంత ఎక్కించాలి? ముందు ఒంట్లో ఎంత భాగం కాలిందో అంచనా కడతారు. పెద్దవాళ్లలో ఒక చెయ్యి మొత్తం 9 శాతం, ఒక కాలు 18 శాతం. తర్వాత పార్క్‌లాండ్ సూత్రం: బరువును కాలిన శాతంతో, ఆపైన నాలుగుతో హెచ్చించాలి. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే 9,600 మిల్లీలీటర్లు. ఇందులో సగం మొదటి 8 గంటల్లో, మిగతాది తర్వాతి 16 గంటల్లో. ఆ 8 గంటలు లెక్కపెట్టేది ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, కాలిన క్షణం నుంచి. రెండు గంటలు ఆలస్యంగా వస్తే 4,800 మిల్లీలీటర్లను ఆరు గంటల్లోనే ఎక్కించాలి. అంటే గంటకు 600 బదులు 800. ‘ఎన్నింటికి కాలింది?’ అని సిస్టర్ పదేపదే అడిగేది ఇందుకే.

ఈ సూత్రం మొదలుపెట్టడానికి మాత్రమే. ఈమధ్య కొన్నిచోట్ల అందులో సగంతోనే మొదలుపెడుతున్నారు. అసలు కొలత మూత్రం. మన ఉదాహరణలోని మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. తగ్గితే సెలైన్ పెంచాలి. మరీ ఎక్కువైతే తగ్గించాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. డాక్టరు పొద్దున ఆదేశం రాసి వెళ్తాడు. రాత్రి రెండింటికి సంచిలో మూత్రం 12 మిల్లీలీటర్లే ఉందని చూసి, వెంటనే ఫోన్ చేసేది నర్సు. నా దృష్టిలో చికిత్స అంటే ఈ ఫోన్ కూడా.

చూపుకు శిక్షణ ఎందుకు కావాలో చెప్పే ఉదాహరణ ఇంకోటి ఉంది. 2014 జూన్ 12న ఇదే ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. హిమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనా, ఈ వాయువా అన్న తేడా వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌కు తెలియదు. ఒంటికి ఆక్సిజన్ అందకపోయినా 98 అని చూపించవచ్చు. అంకె బాగుంది కదా అని ఆక్సిజన్ మాస్కు తీసేస్తే ప్రాణం మీదికొస్తుంది. మామూలు గాలిలో ఆ విషవాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. తలనొప్పి, మగత, తికమక మాటలు కనిపిస్తే నర్సు మీటరును పక్కనపెట్టి మనిషిని నమ్మాలి. గొంతు బొంగురుపోయినా, ముక్కులో వెంట్రుకలు కాలినా అంతే. శ్వాసనాళం వాచి మూసుకుపోయేలోపే గొట్టం వెయ్యాలి.

మొదటి రెండు రోజులు గట్టెక్కితే చీము భయం. చచ్చిన చర్మం మీద సూక్ష్మక్రిములు పెరిగి రక్తంలోకి దిగుతాయి. ఆలస్యపు మరణాల్లో చాలావాటికి కారణం ఇదే. డ్రెస్సింగు, చేతుల శుభ్రత, మాంసకృత్తులున్న తిండి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఇవన్నీ వారాల పని. మెడ కాలిన రోగికి తలగడ పెట్టనివ్వరు. బంధువులకు అది కఠినంగా తోస్తుంది. తలగడ మీద మెడ వంగే ఉంటే చర్మం అలాగే ముడుచుకుని మానుతుంది, తర్వాత తల పైకెత్తలేరు.

ఇంత పనికి మనుషులు కావాలి. ఐసీయూలో బెడ్డుకు ఒక నర్సు ఉండాలన్నది సాధారణంగా చెప్పే ప్రమాణం. చాలా ఆసుపత్రులు అందుకు దూరం.

ఈ వృత్తిలోకి దారులు మూడు: రెండేళ్ల ఏఎన్ఎం, మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. జీఎన్ఎం చేసినవాళ్లు మరో రెండేళ్లు చదివి బీఎస్సీ అందుకోవచ్చు. ఆపైన క్రిటికల్ కేర్ వంటి ఏడాది డిప్లమోలున్నాయి, రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. ఐసీయూ అనుభవం ఉన్న బీఎస్సీ నర్సులకు క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల కోర్సు కూడా ఉంది. అయితే ఆ హోదాతో వేరే పోస్టులు ఇంకా తక్కువే. రాయ్‌పూర్ ఎయిమ్స్‌తో సహా ఎయిమ్స్‌లన్నిటికీ నర్సింగ్ ఆఫీసర్లను నార్సెట్ పరీక్షతో తీసుకుంటారు. జీఎన్ఎం వాళ్లకైతే యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు.

విశాఖలోనో హైదరాబాద్‌లోనో చదివి భిలాయికి తిరిగొచ్చే పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైతే సరిపోదు, ఛత్తీస్‌గఢ్ కౌన్సిల్‌లోనూ నమోదు కావాలి. ఇక కాలేజీలో చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు ఫీజు ఎంతో అడుగుతారు, హాస్టలుందా అని అడుగుతారు. క్లినికల్ డ్యూటీ ఏ ఆసుపత్రిలో వేస్తారు, అక్కడ ఐసీయూలో ఎన్ని వారాలు పంపిస్తారు అని కూడా అడగాలి.