గట్టు మీద చోటు

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్లకు క్రికెట్టే గుర్తొస్తుంది. కాని చలికాలం వచ్చిందంటే సిడ్నీ జనానికి రగ్బీ లీగే లోకం. పక్షానికి పదముగ్గురు. బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి అవతలివాళ్లు మన కబడ్డీలోలాగే పట్టి పడేస్తారు. ఆరుసార్లు పడితే బంతి చేతులు మారుతుంది. నేను చెప్పబోయేది మైదానం సంగతి గనుక ఆట గురించి ఈపాటి చాలు.

ఐరన్ కోవ్ అనే సముద్రపు పాయ దగ్గర లైకార్ట్ ఓవల్ ఉంది. 1934లో అది బాల్మెయిన్ జట్టుకు సొంతిల్లయింది. బాల్మెయిన్ అంటే ఆనాడు రేవు కూలీలూ, ఓడల పనివాళ్లూ ఉండే పేట. ఒక పక్క స్టాండు, మరో పక్క పచ్చగడ్డి గట్టు. గట్టు మీద నంబరు కుర్చీలుండవు, ముందొచ్చినవాడిదే చోటు. పిల్లలు ఆట చూసేది తక్కువ, దొర్లేది ఎక్కువ!

1999లో బాల్మెయిన్, వెస్టర్న్ సబర్బ్స్‌తో కలిసి వెస్ట్స్ టైగర్స్ అయింది. సొంత ఆటలు పలు మైదానాలకు పంచారు. లైకార్ట్‌కు ఏటా దక్కేవి కొద్దే. కొద్ది ఆటలకు కోట్లెందుకని సర్కారు వాదన. అందులో నిజం లేకపోలేదు. కాని మూర్‌పార్కులో పాత స్టేడియం పడగొట్టి 82.8 కోట్ల డాలర్లతో 2022లో కొత్తది తెరిచారే, అప్పుడు వద్దన్నవాళ్ల మాట చెల్లలేదు. అదే 2022లో, వరదబాధితులకు డబ్బు కావాలంటూ రాష్ట్రప్రభుత్వం పేటల మైదానాలకిచ్చిన మాట వెనక్కు తీసుకుంది. ఫైనల్‌ను వేరే రాష్ట్రానికి తరలిస్తామని లీగ్ పెద్దలు బెదిరించారు, చివరికి తరలించలేదనుకోండి. ఇళ్లా, స్టాండ్లా అంటే నేనూ ఇళ్లే అంటాను. అయితే ఆ లెక్క పెద్ద స్టేడియానికీ వర్తించాలి కదా?

ఆలస్యానికి మూల్యం కూడా కనబడింది. 2024లో బడిపిల్లల ఆట జరుగుతుండగా స్టాండు కటకటా ఊడి కొందరు విద్యార్థులు కింద పడ్డారు. ఆ ఏడాదే 4 కోట్ల డాలర్లు ప్రకటించారు: సగం కేంద్రం, పావు రాష్ట్రం, పావు మునిసిపాలిటీ.

స్టాండు బాగుచేయండి, మరుగుదొడ్లు కట్టండి, గట్టు జోలికి మాత్రం పోకండి అంటాన్నేను. ఇక డ్రెస్సింగు గదుల మాట. 2023లో వెస్ట్స్ టైగర్స్ మహిళల జట్టూ లీగులోకొచ్చింది. ఈ మైదానం వేసినవారికి ఆడపిల్లలూ ఇక్కడ ఆడతారని తట్టి ఉండదు. నన్నడిగితే, మొదటి ఇటుక ఆ గదికే పడాలి.