కథలను కలిపిన కాలం

కథ జరిగిన వరుస ఒకటి, కథ చెప్పే వరుస మరొకటి. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయం’లో ముందు జరిగిన సంగతులు చాలా వరకు తరువాత తెలుస్తాయి. విడివిడిగా ఉన్న ముక్కలను పాఠకుడే పేర్చుకోవాలి. ఇటువంటి కూర్పు నేటి వీడియో ఆటలలోనూ కనిపిస్తుంది. జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో సంస్థ రూపొందిస్తున్న ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆటలు ఇందుకు మంచి ఉదాహరణ.

ఈ వరుసలో మొదటి ఆట 1986లో వెలువడింది. షిగెరు మియమొటో, తకాషి తెజుకా దీనికి రూపకర్తలు. మియమొటో బాల్యం క్యోటో సమీపంలోని సోనొబెలో గడిచింది. అక్కడి కొండలలో, గుహలలో తిరిగిన అనుభవమే ఈ ఆటకు ప్రేరణ అయింది. ఆటలోని రాజ్యం పేరు హైరూల్. శక్తి, వివేకం, ధైర్యం అనే మూడు గుణాలకు గుర్తుగా మూడు బంగారు త్రిభుజాలు ఈ కథలలో కనిపిస్తాయి. శక్తిని కోరేవాడు గానన్. వివేకానికి ప్రతినిధి రాకుమారి జెల్డా. ధైర్యానికి ప్రతినిధి లింక్ అనే బాలుడు. లింక్ అనే ఆంగ్ల పదానికి లంకె అని అర్థం.

ఈ కథలు ఎన్నో తరాల మీదుగా సాగుతాయి. మరి ఒకే బాలుడు, ఒకే రాకుమారి అన్ని తరాలలో ఎలా ఉన్నారు? నిజానికి వారు ఒకే వ్యక్తులు కారు. 1987లో వచ్చిన రెండో ఆటలో మొదటి ఆటలోని లింకే ఉన్నా, చాలా ఆటలలో తరానికొక లింక్ పుడతాడు. జెల్డా పేరు నిలవడానికి కూడా ఆ రెండో ఆటే ఒక కారణం చెప్పింది. పూర్వం ఒక రాకుమారి మంత్రప్రభావంతో మేలుకోలేని నిద్రలో మునిగిపోయింది. దుఃఖించిన ఆమె అన్న, తమ వంశంలో పుట్టే ప్రతి రాకుమారికీ జెల్డా అనే పేరే పెట్టాలని ఆజ్ఞాపించాడు.

ఆటలు వెలువడిన వరుసకూ, కథలు జరిగిన వరుసకూ పొంతన లేదు. 1991 నాటి ఆట మొదటి ఆటలోని వారి పూర్వుల కథ. 1998 నాటి ‘ఒకరినా ఆఫ్ టైమ్’ అంతకంటే ముందు కాలానిది. 2011 నాటి ‘స్కైవర్డ్ స్వోర్డ్’ వీటన్నింటికీ మూలకథ. బావి తవ్వుతున్నప్పుడు లోతుకు పోయేకొద్దీ పాత పొరలు బయటపడినట్లు, ఈ ఆటలలో ఒక్కొక్కటి వచ్చినప్పుడు మరింత పాత కాలం బయటపడింది.

ఆ మూలకథలో ఓడిన రాక్షసుడు, తన ద్వేషం మళ్లీ మళ్లీ జన్మిస్తుందని శపిస్తాడు. జయవిజయులు మూడు జన్మలలో హరికి శత్రువులై పుట్టిన కథ తెలిసిన వారికి ఈ పద్ధతి కొత్త కాదు.

‘ఒకరినా ఆఫ్ టైమ్’ దగ్గర కాలం మూడు పాయలుగా చీలుతుంది. ఒకరినా అంటే ఊది వాయించే చిన్న వాద్యం. ఈ కథలో లింక్ బాలుడిగా పవిత్ర ఖడ్గాన్ని పెకలించి, ఏడేళ్లు నిద్రించి, యువకుడిగా మేలుకొంటాడు. గానన్‌ను ఓడించిన తరువాత జెల్డా అతణ్ణి తిరిగి బాల్యానికి పంపుతుంది. అతడు తిరిగి వచ్చిన బాల్యకాలం ఒక పాయ. అతడు విడిచిపోయిన కాలం రెండోది. ఆ పోరులో అతడే ఓడిపోయి ఉంటే జరిగేది మూడోది. నిర్మాతలు ఈ క్రమాన్ని 2011లో ‘హైరూల్ హిస్టోరియా’ అనే గ్రంథంలో పటంగా గీసి చూపారు.

వీటిలో రెండో పాయ మనసుకు హత్తుకొనేది. వీరుడు లేని ఆ లోకంలో గానన్ మళ్లీ లేచాడు. ప్రజలు ఎదురుచూసినా వీరుడు రాలేదు. చివరకు దేవతలు రాజ్యాన్ని నీట ముంచారు. కొండల శిఖరాలే దీవులుగా మిగిలాయి. 2002 నాటి ‘విండ్ వేకర్’ ఆ దీవుల కథ. అక్కడి ఒక దీవిలో మగపిల్లలకు పూర్వవీరుని వయసు రాగానే ఆకుపచ్చ దుస్తులు తొడుగుతారు. మునిగిన రాజ్యం ఏమైందో చెప్పగలవారు లేరు. ఆచారం మాత్రం నిలిచింది. కథ చివర గానన్ ఆ పాత రాజ్యాన్ని పైకి తేవాలని ఆశిస్తాడు. దాని చివరి రాజు అందుకు ఒప్పుకోడు. పాత నేలను సముద్రానికే వదిలి, పిల్లలకు భవిష్యత్తు ఇమ్మని కోరుకుంటాడు. పిల్లలు ఓడ ఎక్కి కొత్త నేలను వెతుక్కుంటూ పోతారు. 2009 నాటి ‘స్పిరిట్ ట్రాక్స్’ కథ ఆ కొత్త నేలమీదే, సుమారు నూరేళ్ల తరువాత జరుగుతుంది. అక్కడి కోట గాజు చిత్రంలో, ఓడ మీద వచ్చిన ఆ మొదటి రాకుమారి రూపం నిలిచి ఉంటుంది.

మొదటి పాయలో జ్ఞాపకం మరో విధంగా సాగుతుంది. 2006 నాటి ‘ట్విలైట్ ప్రిన్సెస్’లో పూర్వవీరుని ఆత్మ, తన విద్యను ఎవరికీ నేర్పలేకపోయానని చింతిస్తూ, కొత్త తరం లింక్‌కు కత్తిసాము నేర్పుతుంది. పాట కూడా కథలను కలుపుతుంది. జెల్డా జోలపాట బాణీని తిరగేసి వాయిస్తే ‘స్కైవర్డ్ స్వోర్డ్’లోని ప్రధాన గీతం వినిపిస్తుంది.

ఈ కథలలో ఏళ్ల లెక్కలు తక్కువ. 2017 నాటి ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ విడుదలైనప్పుడు, అది ఏ పాయకు చెందినదో నిర్మాతలు తేల్చి చెప్పలేదు. కథలను కలిపి ఉంచేవి తేదీలు కావు. ఒకరు చేసిన పనికి మరొక తరం పొందే ఫలితం, తరం నుంచి తరానికి అందే పేరు, పాట, విద్య, ఆచారం వాటిని కలుపుతాయి. “దీనికి ముందు ఏం జరిగింది? దీని తరువాత ఏం మిగిలింది?” అని ప్రశ్నించుకోవడం ఈ ఆటలు ఆడేవారికే కాదు, తమ ఊరి చరిత్ర, తమ ఇంటి చరిత్ర తెలుసుకోదలచిన వారికి కూడా మొదటి మెట్టు.