మీకు తెలుసా? ట్యాంక్‌బండ్‌కు ఆదివారం సెలవు

పెళ్లి పందిరి వేస్తే వీధి మూసేయడం నూజివీడు వాళ్లకు కొత్తేమీ కాదు. బండ్లు పక్క సందులోంచి పోతాయి, ఎవరూ అర్జీ పెట్టరు. అదే పని హైదరాబాద్ నడిబొడ్డున, పెళ్లీ పేరంటం లేకుండానే చేశారు.

2021 ఆగస్టు 29, ఆదివారం. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా హుస్సేన్‌సాగర్ కట్ట అయిన ట్యాంక్‌బండ్ మీదికి వాహనాలను రానివ్వలేదు. ట్విటర్‌లో ఒక నగరవాసి చేసిన సూచనను అప్పటి మంత్రి కేటీఆర్ పోలీసుల ముందు పెట్టడంతో మొదలైన ఏర్పాటిది. తర్వాత దీనికి ‘సండే ఫన్‌డే’ అని పేరొచ్చింది. పోలీసు బ్యాండు, తినుబండారాల దుకాణాలు, చంకలో పిల్లలతో జనం. బస్సు కిటికీలోంచి రెప్పపాటులో దాటిపోయే మొల్ల, వేమన విగ్రహాల ముందు నింపాదిగా నిలబడి దిమ్మె మీది పేరు చదువుకునే వీలు దొరికింది. నన్నడిగితే అసలు లాభం అదే.

అదే ఏడాది అక్టోబరు 17న చార్మినార్ దగ్గరా ఇలాంటి సాయంత్రమే జరిపారు.

అయితే ప్రత్యామ్నాయ దారి లేకపోతే ఈ ముచ్చట సాగదు. ట్యాంక్‌బండ్‌కు కింద లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు, పక్కన కవాడిగూడ ఉన్నాయి కాబట్టి బండ్లను అటు మళ్లించగలిగారు.

ఇలా రోడ్డు మూసేది హైదరాబాద్ ఒక్కటే కాదు. విశాఖ బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేది తెల్లవారుజామున, వాకింగ్ చేసేవాళ్ల కోసం. ఈ నగరాలన్నిటికీ పెద్దన్న కొలంబియా రాజధాని బొగోటా. 1974లో మొదలుపెట్టి, ఇప్పుడు ఆదివారాలు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 100 కిలోమీటర్లకు పైగా రోడ్లను సైకిళ్లకూ పాదచారులకూ వదిలేస్తోంది.